విశ్రాంతితో తీరని అలసట

పగలంతయు మోకాటి లోతు బురదలో వంగి వరినాట్లు వేసిన స్త్రీకి ప్రొద్దు గ్రుంకునప్పటికి నడుము పట్టివేయును, పిక్కలు పీకును. వేడినీళ్లు పోసికొని, ఇంత అన్నము తిని, ఒక రాత్రి కంటినిండ నిద్రపోయినచో మరునాటికి ఆ బాధ చాలవరకు తగ్గిపోవును. ఇట్టి అలసట రోగము కాదు. పనిచేసిన శరీరము విశ్రాంతి కోరుట దాని ధర్మము.

విశ్రాంతి తీసికొన్నను తీరని అలసట వేరొకటి కలదు. దానికి గురియైన వ్యక్తి స్నానము చేసి తల దువ్వుకొనునప్పటికే మంచముపై కూలబడును. రాత్రియంతయు నిద్రించినను తెల్లవారి లేచునప్పుడు కన్ను మూయనివానివలెనే లేచును. ఏదో ఒకనాడు కొంచెము ఓపిక కలిగినదని ఇల్లంతయు ఊడ్చి, బట్టలుతికి ఆరవేసినచో, ఆనాడు బాగుగనే యుండి, మరునాడో మూడవనాడో మంచము పట్టి వారము దినములు లేవలేకపోవును. చదివిన వాక్యమునే మరల మరల చదివినను అర్థము కాదు. కొంతసేపు నిలుచున్నచో తల తిరుగును. ఇట్లు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గడచును.

వైద్యులు ఈ వ్యాధికి మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనియు, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనియు రెండు పేర్లు వాడుచున్నారు; రెండింటి పొడి అక్షరములను చేర్చి ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని వ్రాయుచున్నారు. రెండవ పేరునకు దీర్ఘకాలపు అలసట యని అర్థము చెప్పుకొనవచ్చును. ఆ పేరు రోగులకు మేలు చేయలేదు. క్షయను దగ్గు అని పిలిచినచో ఎట్లుండునో, ఈ వ్యాధిని అలసట యనుట అట్లేయున్నది. అలసట ఎరుగనివారు లోకమున లేరు కావున, విన్న ప్రతివారును అది తమకును ఉన్నదే యనుకొందురు. ఇంటివారు సోమరితనమని తలంతురు. కోడలైనచో పని తప్పించుకొనుచున్నదందురు. విద్యార్థియైనచో బడి ఎగగొట్టుటకు నటించుచున్నాడందురు. "లేచి నాలుగడుగులు నడిచిన అదే పోవును" అని బలవంతపెట్టుదురు. ఈ సలహా మంచి యుద్దేశముతో చెప్పబడునదే. కాని ఈ వ్యాధిలో అది రోగిని మరింత క్రుంగదీయగలదు. అట్లెందుకగునో గ్రహించుటకు, కండరమునకు శక్తి ఎక్కడినుండి వచ్చుచున్నదో ముందుగా తెలిసికొనవలెను.

కండరములో చెల్లు నాణెము

తిన్న అన్నము నేరుగా కండరమును కదిలింపదు. ధాన్యమును అంగడిలో అమ్మి రొక్కము చేసికొన్నగాని సరకులు కొనలేనట్లు, శరీరము ఆహారమును ముందు ఒక ప్రత్యేక పదార్థముగా మార్చుకొనును. దాని పేరు అడినోసీన్ ట్రైఫాస్ఫేటు, క్లుప్తముగా ఏ.టి.పి. దీనిలో మూడు భాస్వర సమూహములు గొలుసువలె ఉండును. వానిలో చివరిది విడిపోవునప్పుడు వెలువడు శక్తితో కండరపు పోగులు ఒకదానిపై నొకటి జారి, కండరము ముడుచుకొనును. గుండె కొట్టుకొనుటకును, కనురెప్ప వాలుటకును, మెదడు ఆలోచించుటకును ఈ నాణెమే చెల్లును. ఏ క్షణమున చూచినను శరీరమంతటిలో ఏ.టి.పి. కొన్ని పదుల గ్రాములకు మించి యుండదు. కాని ఊరక కూర్చున్న మనిషికే దినమునకు పదుల కిలోగ్రాముల ఏ.టి.పి. ఖర్చగుచున్నది. అనగా ఉన్న కొద్ది నాణెములే విరిగి, మరల అతుకబడి, దినమునకు వందలాది పర్యాయములు చేతులు మారుచున్నవన్నమాట.

ఒకడు బస్సు నందుకొనుటకు పరుగెత్తినాడనుకొందము. అతని తొడ కండరములలో నున్న ఏ.టి.పి. రెండు మూడు సెకండ్లకే సరిపోవును. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము తన భాస్వరమును చేబదులుగా ఇచ్చి ఏ.టి.పి.ని నిలబెట్టును. ఈ చేబదులు సుమారు పది సెకండ్లు ఆదుకొనును. అటుపైన కండరము గ్లూకోజును ప్రాణవాయువు లేకుండగనే విరుగగొట్టి శక్తి పుట్టించుకొనును. ఇది త్వరగా జరుగును గాని గిట్టుబాటు తక్కువ: ఒక గ్లూకోజు అణువునకు రెండు ఏ.టి.పి.లు మాత్రమే లభించును, కండరములో ఆమ్లత పెరుగును. నిలుకడయైన ఆదాయము నిచ్చునవి మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములు. ఇవి ప్రాణవాయువు సాయముతో గ్లూకోజును పూర్తిగా దహించి, అదే ఒక్క అణువునుండి సుమారు ముప్పది ఏ.టి.పి.లను రాబట్టును.

ఈ పదార్థముల చరిత్రలో తెలుగువాని చేయి యున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసులో వైద్యము చదివి 1923లో అమెరికాలోని బోస్టను నగరమునకు వెళ్లిరి. హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీర ద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతితో కండరమును పరీక్షించుచుండగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడినది. 1929లో వారు ఏ.టి.పి.ని కూడ కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రముగా దానిని కనుగొనెను. లాక్టిక్ ఆమ్లమే కండరమును ముడుచుచున్నదని అంతవరకు విద్వాంసులు నమ్మియుండిరి. ఆ నమ్మకము ఈ పరిశోధనలతో సడలిపోయినది.

పరుగు ఆగిన పిదప చేబదులు తీర్చవలెను గదా. మైటోకాండ్రియా క్రొత్తగా చేసిన ఏ.టి.పి.తో ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ మరల నిండును. ఆరోగ్యవంతునిలో సగము నిల్వ అర నిమిషము ప్రాంతమున, తక్కినది కొద్ది నిమిషములలో నిండును. చేదిన నీరు ఎంత వేగముగా మరల ఊరుచున్నదో చూచి నూతి ఊటను అంచనా వేసినట్లే, ఈ నిల్వ నిండు వేగమును చూచి మైటోకాండ్రియా యొక్క శక్తిని అంచనా వేయవచ్చును. ఈ వ్యాధికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న యిదియే: నూతిలో నీరున్నదా లేదా యనునది కాదు, తోడిన పిమ్మట ఊట ఎట్లున్నదనునది.

లండను ఆసుపత్రినుండి ఆక్స్‌ఫర్డు వరకు

1955 జూలైలో లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఒక విచిత్ర వ్యాధి వ్యాపించినది. కొలది నెలలలో 292 మంది సిబ్బంది దానికి గురియైరి. ఆసుపత్రిని అక్టోబరు వరకు మూసివేయవలసి వచ్చెను. జ్వరము, మెడనొప్పి తగ్గిన తరువాత కూడ కొందరికి కండరముల దౌర్బల్యము వదలలేదు. కొద్దిపాటి శ్రమ చేసినను కండరము మరల శక్తి పుంజుకొనుటకు దినములు పట్టుచుండుటను ఆ ఆసుపత్రి వైద్యుడు మెల్విన్ రామ్సే ఈ వ్యాధికి గుర్తుగా చెప్పెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లో దీనిని నాడీమండల వ్యాధులలో చేర్చినది. కాని 1970లో ఇద్దరు మనోవైద్యులు, రోగులను స్వయముగా చూడక, పాత రికార్డులను మాత్రమే తిరుగవేసి, ఇది సామూహిక హిస్టీరియా యని వ్రాసిరి. రోగులలో అత్యధికులు స్త్రీలగుట వారు చూపిన హేతువులలో ఒకటి. ఇంతకన్న దుర్బలమైన హేతువు వైద్యశాస్త్రమున అరుదు. అయినను ఆ మాట దశాబ్దముల పర్యంతము నిలిచి, అనేకమంది రోగులు వైద్యుని గుమ్మమునుండి వెనుదిరుగుటకు కారణమైనది. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అను పేరు 1988లో అమెరికాలో ఏర్పడినది.

సుబ్బారావు కనుగొన్న పదార్థములే ఈ వ్యాధి పరిశోధనకు మార్గము చూపినవి. బలమైన అయస్కాంతముతో, కండరమును కోయకుండగనే, దానిలోని ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి., ఆమ్లత ఎంతెంత యున్నవో గమనించు పద్ధతిని ఆక్స్‌ఫర్డులో జార్జి రాడా బృందము వాడుచుండెను. 1984లో వారు వైరసు సోకిన పిదప దీర్ఘకాలము అలసటతో బాధపడుచున్న ఒక రోగిని పరీక్షించిరి. వ్యాయామము మొదలిడిన కొద్దిసేపటికే అతని కండరములో ఆమ్లత మితిమీరి పెరిగినది. తరువాతి కాలమున ఇతరులు ఎక్కువమంది రోగులను ఇట్లే పరీక్షింపగా ఫలితములు ఏకముఖముగా రాలేదు. కొందరిలో దోషము కనబడెను, పలువురిలో కనబడలేదు. ఇంగ్లండులోని న్యూకాసిల్ పరిశోధకులు 2010లో కొందరు రోగుల కండరములలో ఆమ్లత తగ్గుటకు ఎక్కువ కాలము పట్టుచున్నదని చూపిరి. ఒకే పేరు క్రింద పలువిధములైన రోగులు చేరియుండుట ఈ వైరుధ్యమునకు ఒక కారణము కావచ్చును. మరియొక కారణము మరింత గమనింపదగినది: ఈ పరీక్షలలో పెక్కు ఒక్కనాడు మాత్రమే జరిగినవి. వ్యాధి యొక్క అసలు స్వరూపము బయటపడునది రెండవనాడు.

రెండవనాటి పరీక్ష

కాలిఫోర్నియాలోని పసిఫిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రకటించిన పరిశోధన చిన్నదైనను మెలకువ గలది. రోగులను, ఆరోగ్యవంతులను కదలని సైకిలుపై కూర్చుండబెట్టి, శక్తికొలది త్రొక్కించి, పీల్చు ప్రాణవాయువును కొలిచిరి. సరిగా ఒక దినము తరువాత అదే పరీక్ష మరల చేసిరి. వ్యాయామపు అలవాటు లేని ఆరోగ్యవంతులు రెండవనాడును దాదాపు మొదటినాటి వలెనే త్రొక్కగలిగిరి. రోగులకు మాత్రము ప్రాణవాయువు వినియోగించుకొను సామర్థ్యము పడిపోయినది. తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఈ వ్యత్యాసము ఒక్కొక్కచోట తక్కువగను, ఒక్కొక్కచోట ఎక్కువగను కనబడినది. కాని రెండవనాటి క్షీణత పలుచోట్ల మరల కనబడుచునే యున్నది. పడుకొని పడుకొని కండరములు మెత్తబడుటచేతనే ఈ అలసట యని చెప్పువారికి ఇది సమాధానము. వాడుక లేక మెత్తబడిన కండరము బలహీనముగా ఉండును గాని, ఒక్క దినములో అంతకన్న బలహీనము కాదు. శ్రమ తరువాత ఆలస్యముగా వచ్చు ఈ పతనమును శ్రమానంతర క్షీణత యని చెప్పవచ్చును. ఈ వ్యాధికి ప్రధాన లక్షణము అలసట కాదు, ఇది.

లోపము ఎక్కడ నున్నది? సుబ్బారావు పనిచేసిన బోస్టను నగరముననే ఇటీవల జరిగిన పరీక్షలలో, కొందరు రోగులకు ఊపిరితిత్తులు, గుండె బాగుగనే యున్నను, రక్తము తెచ్చిన ప్రాణవాయువును కండరములు తగినంతగా తీసికొనుట లేదని తేలినది. మరికొందరిలో గుండెకు తిరిగివచ్చు రక్తమే తక్కువగా నున్నది. 2023లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన శాస్త్రజ్ఞులు 14 మంది రోగుల కండరపు ముక్కలను పరీక్షించి, మైటోకాండ్రియా పనికి అడ్డు తగులు ఒక ప్రోటీను ఆరోగ్యవంతులలో కన్న ఎక్కువగా నున్నదని తెలిపిరి. 2024లో ఆంస్టర్‌డాం పరిశోధకులు కోవిడ్ తరువాత దీర్ఘకాలపు అలసటకు లోనైన 25 మందిని, 21 మంది ఆరోగ్యవంతులను సైకిలు త్రొక్కించి, అంతకు ముందొక వారమునను, శ్రమపడిన మరునాడును కండరపు ముక్కలను తీసి చూచిరి. రోగులలో మైటోకాండ్రియా పనితీరు శ్రమ తరువాత మరింత తగ్గినది. కండరపు పోగులు అక్కడక్కడ చచ్చిపోయియుండుట కూడ ఎక్కువగా కనబడెను.

అన్ని దోషములును కండరముననే యున్నవనుట తొందరపాటు. అదే 2024లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 17 మంది రోగులను కూలంకషముగా పరీక్షింపగా, పిడికిలి బిగించి పట్టు పరీక్షలో కండరము కన్న ముందుగా మెదడులోని కొన్ని భాగములే వెనుకంజ వేయుచున్నట్లు కనబడినది. మెదడును, రక్తనాళములును, రోగనిరోధక వ్యవస్థయు కలిసి ఇందు పాలుపంచుకొనుచున్నవని పలువురి అభిప్రాయము. వ్యాధిని నిర్ధారించు ఏ ఒక్క రక్తపరీక్షయు ఇంకను వాడుకలోనికి రాలేదు. మూలమును తొలగించు మందును లేదు.

పెక్కుమందిలో వ్యాధి ఒక అంటువ్యాధి తరువాత మొదలగును. ఆస్ట్రేలియాలోని డబ్బో పట్టణ ప్రాంతమున మూడు వేర్వేరు అంటువ్యాధులు సోకిన 253 మందిని మొదటినుండి గమనించి, 2006లో ఫలితములు ప్రకటించిరి. ఆరు నెలల తరువాత సుమారు నూటికి పదకొండుగురిలో ఈ వ్యాధి నిలిచిపోయినది. ఎవరికి నిలిచిపోవునను దానిని నిర్ణయించినది మొదటి జ్వరపు తీవ్రతయే గాని, రోగి మనస్తత్వము కాదు. 2020 తరువాత కోవిడ్ సోకినవారిలో కూడ ఈ లక్షణములు గలవారు అనేకులు కనబడుచున్నారు. పురుషులలో కన్న స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువ, పిల్లలకును రావచ్చును.

ఏమి చేయవలెను, ఏమి చేయరాదు

అలసిన ప్రతి మనిషికిని ఈ వ్యాధి యున్నదనుకొనరాదు. భారతదేశమున 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 సంవత్సరముల లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నారు. కావున ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తహీనత, థైరాయిడు, మధుమేహము, క్షయ, బి12 విటమిను లోపము, మూత్రపిండముల వ్యాధి మొదలగువానికి పరీక్షలు చేయించవలెను. వీనికి చికిత్స యున్నది. గుర్తింపక వదలుట అన్యాయము. మనోవ్యాకులత వలనను అలసట కలుగును. అయితే వ్యాకులతతో నున్నవానికి సాధారణముగా పనియందు కోరికయే యుండదు. ఈ రోగికి కోరిక యుండును, శక్తి యుండదు. ఏళ్ల తరబడి ఎవరును నమ్మనందున ఇతనికి కూడ దిగులు కలుగవచ్చును, దానికి వేరుగా చికిత్స చేయవలెను. 2015లో అమెరికాలోని వైద్య సంస్థ సూచించిన నియమముల ప్రకారము, పూర్వపు పనులు చేయలేనంత అలసట ఆరు నెలలకు పైబడి యుండుట, శ్రమానంతర క్షీణత, సేద దీర్చని నిద్ర అను మూడును ఉండి, వానితోపాటు ఆలోచన మందగించుటయో, నిలుచున్నప్పుడు బాధలు హెచ్చుటయో ఉన్నచో ఈ వ్యాధియని తలంపవచ్చును.

దినదినము వ్యాయామమును పెంచుకొనుచు పోయినచో వ్యాధి నయమగునని చాలకాలము చెప్పబడినది. బ్రిటనులో వైద్య మార్గదర్శకములను నిర్ణయించు జాతీయ సంస్థ 2007లో ఈ చికిత్సను సిఫారసు చేసినది. అదే సంస్థ సాక్ష్యములను తిరిగి పరిశీలించి 2021 అక్టోబరులో దానిని ఉపసంహరించుకొని, తన శక్తి హద్దులలో మెలగుటను రోగికి నేర్పవలెనని చెప్పినది. ఇతర వ్యాధులలో వ్యాయామము ఔషధమే. ఈ వ్యాధిలో దాని మోతాదును నిర్ణయింపవలసినది క్యాలెండరు కాదు, రోగి మరునాటి స్థితి.

ఊట తక్కువగల నూతిని వాడుకొను ఇల్లాలు అడుగంట తోడదు. కొంత తోడి, కొంత ఊరనిచ్చి, మరల తోడును. రోగియు అట్లే చేయవలెను. అలసట వచ్చిన తరువాత ఆగుట కాదు, రాకముందే ఆగవలెను. కూరలు కూర్చుండి తరుగుకొనవలెను. స్నానము పీటపై కూర్చుండి చేయవలెను. స్నానమును, వంటయు ఒకే పూట పెట్టుకొనరాదు. పనికిని పనికిని నడుమ పడుకొని కనులు మూసికొనవలెను. చదువుట, లెక్కలు చూచుకొనుట, బంధువులతో మాటలాడుట కూడ శ్రమయే యని లెక్కింపవలెను. అన్నిటికంటె ప్రమాదకరమైనది మంచి రోజు. ఆరోజున పేరుకొన్న పనులన్నియు తీర్చివేయవలెనను ఆశ పుట్టును. ఆ ఆశకు లొంగినవారే ఎక్కువగా మంచము పట్టుచున్నారు.

బలహీనత యనగానే గ్లూకోజు సీసా ఎక్కించుకొనుట మన దేశమున ఒక ఆచారమైనది. రోగి రక్తములో గ్లూకోజు కొరత లేదు. దానిని శక్తిగా మార్చుకొనుటలోనే చిక్కు గలదు. నిప్పు రాజుకొనని పొయ్యిలో కట్టెలు కుక్కిన అన్నము ఉడుకదు. బలము సూదులని చెప్పి స్టీరాయిడు మందులు ఇచ్చు నకిలీ వైద్యుల చేతిలో పడరాదు. అవి ఎముకలకును, రక్తపు చక్కెరకును హాని చేయును. నొప్పికి, నిద్రలేమికి, నిలుచున్నప్పుడు తల తిరుగుటకు తగిన ఉపశమన చికిత్స గలదు. ఉప్పు, నీరు ఎక్కువగా తీసికొనుట కొందరికి మేలు చేయును గాని, రక్తపోటు, మూత్రపిండముల వ్యాధి గలవారికి హానికరము కావున వైద్యుని అడిగిన పిదపనే చేయవలెను.

రోగులలో సుమారు నాలుగవ వంతు ఏదో ఒక దశలో ఇల్లు గాని మంచము గాని విడువలేని స్థితికి వచ్చుచున్నారని అంచనా. వెలుతురును, సందడిని సహింపలేనివారు, ముద్ద నమలుటకు కూడ ఓపిక లేనివారు వీరిలో కలరు. అట్టివారి గది నిశ్శబ్దముగా, మసక వెలుతురులో ఉంచవలెను. పరామర్శకు వచ్చువారిని వాకిటనే పలుకరించి పంపవలెను. బరువు తగ్గుచున్నచో జాప్యము చేయక వైద్యుని ఇంటికే రప్పింపవలెను.

వైద్యుని వద్దకు వెళ్లుటకు ముందు రెండు వారములపాటు ఏ దినమున ఏ పని చేసినది, తరువాతి దినములు ఎట్లు గడచినది ఒక నోటుపుస్తకములో వ్రాసి యుంచవలెను. రోగికి వ్రాయు ఓపిక లేనిచో ఇంటివారు వ్రాయవలెను. ఆసుపత్రిలో కూర్చున్న పది నిమిషములలో రోగి ఆరోగ్యవంతునివలెనే కనబడవచ్చును. వైద్యుడు చూడలేని దినములను ఆ పుస్తకమే చూపును. ఆసుపత్రికి వెళ్లివచ్చుటయు ఒక శ్రమయే కావున, అటుపై మూడు దినములు రోగి స్థితిని కూడ అందులో వ్రాసి, మరుసటి పర్యాయము వెళ్లునప్పుడు వెంట తీసికొని పోవలెను.